చేసినవాళ్ళు, చేయించినవాళ్ళు

తెలుగులో నిర్మాత అనగానే మనకు గుర్తొచ్చేది డబ్బు పెట్టినాయన. కథ రాసినవారు ఒకరు, తీసినవారు ఒకరు, లైట్లు మోసినవారు, బట్టలు కుట్టినవారు, వండి పెట్టినవారు ఇంకో వందమంది. అయినా సినిమాని ‘నిర్మించింది’ మాత్రం పెట్టుబడి పెట్టిన మనిషే. ఎలక్ట్రానిక్ సంగీతంలో ప్రొడ్యూసర్ అన్న ఇదే మాటకు సరిగ్గా తలకిందుల అర్థం ఉంది. అక్కడ ప్రొడ్యూసర్ అంటే కూర్చుని చేసే మనిషి. శబ్దాన్ని పుట్టించడం, కోయడం, సాగదీయడం, పొరలుగా పేర్చడం, తాళం కట్టడం, ఏ శబ్దం ఎంత దూరం నుంచి వినపడాలో తేల్చడం, చివరికి అన్నిటినీ కలిపి ఒక్క పాటగా నిలబెట్టడం – ఇదంతా ఆ పనే. ఒకప్పుడు స్వరకర్త, వాద్యబృందం, ఇంజనీరు పంచుకున్న పనిని ఇప్పుడు ఒక్క మనిషి, ఒక కంప్యూటరు ముందు కూర్చుని చేస్తున్నారు.

ఈ పని చేసి బతకడం ఎలా అన్నది పైకి వృత్తికి సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది. ఏ పరికరం కొనాలి, ఎవరిని కలవాలి, పాటకి ఎంత అడగాలి అన్నట్టుగా. నాకు మాత్రం అది నైతిక ప్రశ్నగానే తోస్తుంది. ఎందుకంటే ఒక పనికి డబ్బు రావాలంటే ముందు దాన్ని ‘పని’ అని ఒప్పుకోవాలి. ఆ తర్వాత అది ఫలానా మనిషి చేసిన పని అని ఒప్పుకోవాలి. ఈ రెండు ఒప్పుకోళ్ళూ ఆడవాళ్ళకి ఎంత ఆలస్యంగా, ఎంత అరకొరగా దక్కుతాయో వంటింటి నుంచి విశ్వవిద్యాలయం దాకా మనం చూస్తూనే ఉన్నాం.

మన భాషలో క్రియకి ‘ఇంచు’ చేరిస్తే కర్త మారిపోతాడు. చేసిన మనిషి వెనక్కి వెళ్ళి చేయించిన మనిషి ముందుకొస్తాడు. చాలాసార్లు ఆ ప్రత్యయం చేర్చే ఓపిక కూడా మనకి ఉండదు. రాజు గుడి కట్టాడు అనేస్తాం. పాలంపేట గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడని శాసనం చెప్తుంది. జనం మాత్రం దాన్ని రామప్ప గుడి అన్నారు. రామప్ప శిల్పి పేరని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. శాసనం చేయించినవాడిని గుర్తు పెట్టుకుంటే జనం చేసినవాడిని గుర్తు పెట్టుకున్నారు. ఇలాంటివి చాలా అరుదు. అందులోనూ, చేసింది స్త్రీ అయినప్పుడు జనం జ్ఞాపకం కూడా అంత ఉదారంగా ఉండదు.

ఎలక్ట్రానిక్ సంగీత చరిత్రలో ఈ విషయాన్ని అన్నిటికంటే స్పష్టంగా చూపించే జీవితం డెలియా డెర్బిషైర్‌ది. 1937లో ఇంగ్లండులోని కోవెంట్రీలో శ్రామిక కుటుంబంలో పుట్టింది. కేంబ్రిడ్జిలోని గర్టన్ కాలేజీలో గణితం, సంగీతం చదివింది. చదువయ్యాక ఉద్యోగం కోసం డెక్కా రికార్డు కంపెనీకి వెళితే రికార్డింగ్ స్టూడియోల్లో ఆడవాళ్ళని పెట్టుకోమని చెప్పారు. 1960లో బిబిసిలో చేరి, 1962లో రేడియో, టీవీ కార్యక్రమాలకి కొత్త శబ్దాలు తయారుచేసే రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌కి వెళ్ళింది.

మరుసటి ఏడాది, 1963లో, ‘డాక్టర్ హూ’ అనే కొత్త టీవీ సీరియల్‌కి ప్రారంభ సంగీతం కావలసివచ్చింది. రాన్ గ్రైనర్ అనే స్వరకర్త చిన్న స్వరలేఖ రాసిచ్చాడు. రాగం అందులో ఉంది. శబ్దాల విషయానికొస్తే గాలి, మబ్బు అన్నట్టు కొన్ని సూచనలు మాత్రమే ఉన్నాయి. ఆ సూచనల్ని సంగీతంగా మార్చే పని డెర్బిషైర్‌కి వచ్చింది. అప్పటికి అక్కడ సింథసైజర్ లేదు. ఒక తీగని మీటి రికార్డు చేసి, ఆ టేపు వేగాన్ని మార్చి ఒక్కో స్వరాన్నీ విడిగా తయారు చేసింది. పరికరాలని పరీక్షించడానికి వాడే ఆసిలేటర్ల నుంచి మిగతా స్వరాలు తీసింది. హోరుని వడగట్టి గాలి చప్పుడు చేసింది. ప్రతి స్వరానికీ ఎంత నిడివి కావాలో లెక్కగట్టి, టేపుని బ్లేడుతో కోసి, ముక్కా ముక్కా అతికించింది. ఆ తర్వాత విడివిడి టేపులని వేర్వేరు యంత్రాల మీద ఒకేసారి నడిపించి కలిపింది. ఎక్కడో స్వరం తప్పు పలికితే అందరి టేపులనీ నేల మీద పరచి, అతుకుల్ని పోల్చి చూసుకోవాల్సి వచ్చేది. డిక్ మిల్స్ అనే సహాయకుడితో కలిసి రోజుల తరబడి చేసిన పని ఇది.

విన్న గ్రైనర్ ఇది నేను రాసిందేనా అని ఆశ్చర్యపోయాడని అంటారు. అంతేకాదు, రాయల్టీలో సగం ఆమెకి ఇవ్వాలని అడిగాడు. సంస్థ నిబంధనలు ఒప్పుకోలేదు. వర్క్‌షాప్‌లో పనిచేసేవాళ్ళ పేర్లు వేసే ఆనవాయితీ లేదు. తెర మీద గ్రైనర్ పేరూ, వర్క్‌షాప్ పేరూ పడ్డాయి. ఆమె చేసిన రూపమే కొద్దిపాటి మార్పులతో 1980 దాకా ఆ సీరియల్‌కి ముఖంగా నిలిచింది. తెర మీద ఆమె పేరు మొదటిసారి పడింది 2013లో, సీరియల్ యాభయ్యో వార్షికోత్సవం సందర్భంగా తీసిన ప్రత్యేక భాగంలో. అప్పటికి ఆమె చనిపోయి 12 ఏళ్ళు. 1973లో బిబిసి వదిలాక గ్యాస్ పైపులు వేసే సంస్థలో రేడియో ఆపరేటర్‌గా, తర్వాత ఆర్ట్ గ్యాలరీలో, పుస్తకాల షాపులో పనిచేసింది. 2001లో ఆమె పోయాక ఇంటి అటక మీద 267 టేపులు దొరికాయి.

ఈ కథలో నాకు ముఖ్యమనిపించేది ఒకటుంది. ఇందులో దుర్మార్గుడు లేడు. గ్రైనర్ మంచివాడు, సగం ఇస్తానన్నాడు. ఆమెని ఎవరూ కావాలని మోసం చేయలేదు. ఉద్యోగుల వర్గీకరణలో ‘స్వరకర్త’ అనే గడిలో ఆమె లేదు, అంతే. మంచివాళ్ళ మంచితనం మీద ఆధారపడే న్యాయం ఎంత దూరం వెళ్ళగలదో ఇక్కడ తెలుస్తుంది. సగం ఇవ్వాలన్న కోరిక ఒక మనిషిది. ఇవ్వకూడదన్నది వ్యవస్థ. గెలిచేది ఏదో మనకి తెలుసు.

దీనికి వెంటనే వచ్చే జవాబు ఒకటుంది. ఆమెకి నెలనెలా జీతం ఇచ్చారు కదా, కుర్చీ చేసిన వడ్రంగి కుర్చీ మీద తన పేరు వేయమంటాడా అని. ఇది తేలిగ్గా కొట్టిపారేయదగ్గ వాదన కాదు. వడ్రంగి పేరు ఎందుకు ఉండకూడదు అన్న ఎదురు ప్రశ్నని కాసేపు పక్కన పెట్టినా, ఇక్కడ పోలిక సరిపోదు. ఒకే పాట మీద ఇద్దరు పనిచేశారు. ఒకరికి పారితోషికం, పేరు, పాట వినిపించిన ప్రతిసారీ రాయల్టీ. ఇంకొకరికి జీతం, వినయం. జీతం ఇవ్వడమే న్యాయం అయితే ఇద్దరికీ జీతమే ఇవ్వాలి. ఒకరికి మాత్రం అంతకుమించి ఇవ్వడానికి కారణం, ఒకరిది ఆలోచన, మరొకరిది దాన్ని అమలు చేసిన పని మాత్రమే అని నమ్మడం.

ఈ నమ్మకం మనకి కొత్తేం కాదు. స్త్రీని పొలంతో, పురుషుణ్ణి విత్తనంతో పోల్చి, రెంటిలో విత్తనమే గొప్పదని మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం చెప్తుంది. ఈ పోలిక పిల్లల మీద తల్లి హక్కునీ, ఉత్పత్తి మీద స్త్రీల హక్కునీ ఒకే దెబ్బతో ఎలా కాజేస్తుందో లీలా దూబే 1986లో రాసిన వ్యాసంలో విడమరిచారు. తొమ్మిది నెలల మోత, నొప్పులు, పాలు, రాత్రుళ్ళ మేలుకొలుపు అంతా ‘క్షేత్రం’ ఖాతాలోకి పోతుంది. పంట మాత్రం విత్తనం పేరు మీద నమోదవుతుంది. చిన్న స్వరలేఖ బీజం అయింది. రోజుల తరబడి బ్లేడుతో కోసి అతికించిన టేపులన్నీ క్షేత్రం అయ్యాయి. లండన్‌లోని ఒక ప్రభుత్వ ప్రసార సంస్థ మనువుని చదివి ఉండదు. చదవాల్సిన అవసరమూ లేదు. పితృస్వామ్యం ఏ దేశంలోనైనా ఈ లెక్కల పుస్తకాన్ని ఒకే పద్ధతిలో రాస్తుంది.

అసలు చేసినదాన్ని సంగీతం అనడానికే ఒప్పుకోని సందర్భాలూ ఉన్నాయి. 1956లో వచ్చిన ‘ఫర్బిడెన్ ప్లానెట్’ అనే హాలీవుడ్ సినిమాకి బెబె బారన్, లూయిస్ బారన్ అనే దంపతులు పూర్తిగా ఎలక్ట్రానిక్ సంగీతం సమకూర్చారు. తెర మీద మాత్రం దాన్ని సంగీతం అనలేదు. ‘ఎలక్ట్రానిక్ టోనాలిటీస్’ అని వేశారు, అంటే విద్యుత్ స్వనాలు అన్నమాట. సంగీతం అంటే వాద్యకారుల సంఘంతో గొడవ వస్తుందని. ఇక్కడ అడ్డుపడింది యాజమాన్యం ఒక్కటే కాదు. ఈ యంత్రాలు రేపు తమ అన్నం లాక్కుంటాయని భయపడిన కార్మికుల సంఘం కూడా కారణమే. ఆ భయం అబద్ధమూ కాదు. సింథసైజర్లు వచ్చాక మన సినిమా రికార్డింగ్ థియేటర్లలో కూడా వయొలిన్ల వరుసలు పలచబడ్డాయి. ఎలక్ట్రానిక్ ప్రొడ్యూసర్ బతుకుతెరువు గురించి మాట్లాడేటప్పుడు ఆ కుర్చీల్లోంచి లేచి వెళ్ళిపోయినవాళ్ళనీ మరిచిపోకూడదు. ఒకరి శ్రమ కనిపించాలంటే ఇంకొకరి శ్రమ మాయం కావాలన్న షరతుని మనం ఎందుకు ఒప్పుకోవాలి?

ఉద్యోగం వద్దనుకున్న స్త్రీలు ఎలా బతికారు? డాఫ్నే ఓరమ్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో బిబిసిలో సౌండ్ ఇంజనీరుగా చేరింది. ఎలక్ట్రానిక్ సంగీతానికి ఒక విభాగం కావాలని ఏళ్ళ తరబడి పోరాడి 1958లో రేడియోఫోనిక్ వర్క్‌షాప్ ఏర్పడడానికి ముఖ్య కారకురాలైంది. అక్కడ సంగీతం కంటే నాటకాలకి చప్పుళ్ళు చేయడమే పని అని అర్థమయ్యాక 1959లో వదిలేసింది. కెంట్ ప్రాంతంలో ఒక పాత కట్టడంలో సొంత స్టూడియో పెట్టుకుంది. ఫిల్ము పట్టీల మీద గీసిన గీతలు శబ్దంగా మారే యంత్రం తయారుచేసుకుంది. దానికి గుల్బెంకియన్ ఫౌండేషన్ గ్రాంటు ఇచ్చింది. గ్రాంటు యంత్రానికి సరిపోతుంది, కడుపుకి సరిపోదు. అందుకని వాణిజ్య ప్రకటనలకీ, సినిమాలకీ శబ్దాలు చేసింది, ఉపన్యాసాలు ఇచ్చింది. 1949లో ఆమె రాసిన ‘స్టిల్ పాయింట్’ అనే రచనని బిబిసి తిరస్కరించింది. 2018లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో బిబిసి ప్రామ్స్‌లోనే దాన్ని వినిపించారు. ఆమె 2003లోనే చనిపోయింది.

అమెరికాలో సుజాన్ సియానీది ఇంకో దారి. సంగీత రచనలో ఎం.ఏ. చేసింది. డాన్ బుక్లా తయారుచేసిన సింథసైజర్ వాయించేది. రికార్డు కంపెనీలకి వెళితే, ఆడపిల్లవి పాడవా అన్న ధోరణిలో చూసేవారని ఇంటర్వ్యూల్లో చెప్పింది. ఇక ప్రకటనల రంగంలోకి దిగి 1974లో సొంత సంస్థ పెట్టింది. కోకా కోలా ప్రకటనలో సీసా మూత తీసి గ్లాసులో పోస్తున్న శబ్దం ఆమె సింథసైజర్ మీద చేసిందే. ఆ డబ్బుతో తన సంగీతం తను చేసుకుంది. మొదటి ఆల్బమ్ ‘సెవెన్ వేవ్స్’ 1982లో వచ్చింది. అమ్ముడుపోయింది అని ఆమెని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. అమ్ముడుపోకుండా ఉండగల సౌకర్యం ఎవరికి ఉంటుంది? ఫ్రాన్స్‌లో ఎలియాన్ రడీగ్ ముగ్గురు పిల్లల్ని పెంచుతూ, పియర్ హెన్రీ స్టూడియోలో జీతం లేకుండా సహాయకురాలిగా పనిచేసింది. నేర్చుకోవడమే జీతం అని చెప్పే గురుకులాలు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి.

అమ్ముకోనవసరం లేని సౌకర్యానికి మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లో ఒక మూగ్ సింథసైజర్‌తో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో పెట్టారు. అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి దాన్ని నెలకొల్పాడు. అందులో పనిచేసిన కొద్దిమంది భారతీయుల్లో గీతా సారాభాయ్ ఒకరు. పఖవాజ్ నేర్చుకున్న స్త్రీ. 1946లో న్యూయార్క్ వెళ్ళి జాన్ కేజ్‌కి భారతీయ సంగీతం నేర్పి, ఆయన దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు. ఆ స్టూడియో నాలుగేళ్ళలోనే మూతపడింది. టేపులు దశాబ్దాల పాటు సంస్థ గ్రంథాలయంలో పడి ఉండి 2023లో రికార్డుగా బయటికొచ్చాయి. మన దేశపు తొలి ఎలక్ట్రానిక్ సంగీతకారుల్లో ఒక స్త్రీ ఉన్నారన్నది సంతోషమే. అయితే ఆ సంగీతం మీద బతకాల్సిన అవసరం లేని ఇంటి నుంచి వచ్చారన్నది కూడా చెప్పుకోవాలి.

మన దగ్గర ఈ ప్రశ్నకి కులం తోడవుతుంది. ఆలోచన గొప్పది, చేతిపని తక్కువది అన్న నమ్మకాన్ని ఇక్కడ కులం వేల ఏళ్ళు మోసింది. మృదంగం వాయించే విద్వాంసుడి పేరు సభలో చెప్తారు. చర్మం ఎంచి, కోసి, బిగించి, ఆ నాదాన్ని సాధ్యం చేసే దళితుల పేరు ఎవరూ చెప్పరు. వాళ్ళ గురించి ఒక పుస్తకం రావడానికి 2020 దాకా, టి.ఎం. కృష్ణ ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ దాకా ఆగాల్సి వచ్చింది. శబ్దాన్ని తాకినవారు తక్కువ, శబ్దాన్ని ఊహించినవారు ఎక్కువ. ప్రోగ్రామింగ్ గదిలో కూర్చున్న అమ్మాయికి ఈ వారసత్వం తెలియకపోవచ్చు. ఆమె పారితోషికానికి మాత్రం తెలుసు.

అలాంటి అమ్మాయి ఒకరు నాకు తెలుసు. స్నేహితురాలి కూతురు. హైదరాబాదులో సినిమా పాటలకి, వెబ్ సిరీస్‌లకి ప్రోగ్రామింగ్ చేస్తుంది. ఒకసారి అడిగాను, నీ పని ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందే అని.

“ఫోన్లో కూనిరాగం తీసి పంపిస్తారు పిన్నీ, నలభై సెకన్లు. మిగతా మూడున్నర నిమిషాలు మేమే” అంది.

“డబ్బులు?”

“పాటకింత అని ఒక్కసారే. పాట ఎంత ఆడినా అంతే.”

“మరి పేరు?”

“వేస్తే యూట్యూబులో కింద వేస్తారు. వేసినప్పుడు అక్షరం తప్పు పడుతుంది.”

ఇంట్లో చేసుకోవచ్చు కదా, రాత్రుళ్ళు స్టూడియోకి వెళ్ళడం దేనికి అని వాళ్ళమ్మ బాధ. ఆ మాటకి తను నవ్వి, “హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటే ఖాళీగా పాటలు వింటున్నట్టే లెక్క పిన్నీ. కుక్కర్ మూడు కూతలయ్యాక కట్టేయమంటారు” అంది. ఒక చప్పుడుని ఇంకో చప్పుడు నుంచి వేరు చేయడానికి గంటల తరబడి ఏకాగ్రత కావాలి. లాప్‌టాప్ చవకైంది, సాఫ్ట్‌వేర్ చవకైంది, ఇక ఎవరైనా పడగ్గదిలోనే ప్రొడ్యూసర్ కావచ్చు అంటారు. గది దొరికినా గదిలో ఎవరూ పిలవని సమయం దొరకాలి కదా.

చట్టం ఏమంటుంది? మన కాపీరైట్ చట్టం 1957లో వచ్చినప్పుడు సంగీత రచన అంటే కాగితం మీదకో మరోలా గీతల్లోకో ఎక్కిన స్వరమేళనం. 1994 సవరణతో ఆ షరతు పోయింది. స్వరలిపి రాసినా రాయకపోయినా స్వరపరిచినవారే స్వరకర్త. మంచి మార్పే. ఇక సౌండ్ రికార్డింగుకి కర్త ఎవరంటే ప్రొడ్యూసర్ అంటుంది చట్టం. ఆ ప్రొడ్యూసర్ ఎవరంటే, దాన్ని తయారుచేయడానికి చొరవా బాధ్యతా తీసుకున్న వ్యక్తి. అంటే ఆచరణలో మన పాత నిర్మాతే, కంపెనీయే. 2012 సవరణ గీత రచయితలకీ స్వరకర్తలకీ రాయల్టీలో సమాన వాటాని, వదులుకోవడానికి వీల్లేని హక్కుగా చేసింది. పెద్ద విజయం అది. కానీ ప్రోగ్రామింగ్ చేసే మనిషి స్వరకర్త కాదు, గాయని కాదు, చట్టం చెప్పే ప్రొడ్యూసరూ కాదు. ఆమె వృత్తికి చట్టంలో పేరే లేదు. పేరు లేని వృత్తికి వాటా ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక్కడ నాలోని స్త్రీవాదే నన్ను నిలదీస్తుంది. ఒంటరి మేధావి, సృష్టికర్త అనే భావనని విమర్శించింది మనమే కదా. సృజన సమిష్టిది, ఏ రచనా ఒక్కరి ఆస్తి కాదు అని చెప్పింది మనమే కదా. ఇప్పుడు ప్రతి శబ్దానికీ ఒక యజమాని పేరు రాయమని అడగడం ఆ ఆస్తి భావనకే తిరిగి వెళ్ళడం కాదా? దంపుళ్ళ పాటలకి, తిరగటి పాటలకి, బతుకమ్మ పాటలకి కర్త పేరు లేదు. అదే వాటి అందం అని మనమే రాశాం.

ఈ అభ్యంతరాన్ని నేను గౌరవిస్తాను. అయితే దంపుళ్ళ పాట పాడే చోట ఎవరికీ పేరు లేదు. రోకలి అందరి చేతుల్లోనూ ఉంది, పాట అందరి నోళ్ళలోనూ ఉంది, రాయల్టీ ఎవరికీ లేదు. అదే పాట సినిమాలోకి వెళ్ళి, ‘జానపదం’ అనే ఒక్క మాట కింద ఆ ఆడవాళ్ళందరూ కలిసిపోయి, పక్కన సంగీత దర్శకుడి పేరు విడిగా కనిపించిన క్షణంలో ఆ అనామకత్వం స్వభావం మారిపోతుంది. పేర్లు లేకపోవడం అందరికీ సమానంగా ఉన్నంతవరకే అది సమిష్టి. ఒకరికి పేరూ మిగతావాళ్ళకి సమిష్టీ అయితే అది దోపిడీ. డెర్బిషైర్ విషయంలో జరిగిందీ అదే. ఆమెకి వర్క్‌షాప్ అనే ఉమ్మడి పేరు. పక్కన ఒక పురుషుడికి సొంత పేరు. సమిష్టి అనే మంచి మాటని ఎవరు ఎవరికి బోధిస్తున్నారో చూడకుండా దాన్ని పొగడలేం.

ఇంకో సంగతి. పేరు అడగడాన్ని కీర్తికాంక్ష అనుకోవడం జీతం ఉన్నవాళ్ళకి కుదురుతుంది. నెల జీతం లేని వృత్తిలో రేపటి పని నిన్నటి పేరుని బట్టే వస్తుంది. ఈ పాట ఎవరు చేశారు అని అడిగినప్పుడు ఎవరి పేరు వినిపిస్తే వాళ్ళకే ఫోన్ వెళుతుంది. కాబట్టి పేరు వేయకపోవడం అంటే రేపటి కూలిలో కోత కోయడం. డెర్బిషైర్‌కి పేరు లేకపోయినా జీతం ఉంది. నా స్నేహితురాలి కూతురికి జీతమూ లేదు, పేరూ లేదు. అరవై ఏళ్ళలో వచ్చిన అభివృద్ధి ఇది.

పేరున్న స్త్రీకి కూడా ఈ గొడవ తప్పలేదు. ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ తన ఆల్బమ్ ‘వల్నికూరా’ని ఆర్కా అనే సంగీతకారుడొక్కరే ప్రొడ్యూస్ చేసినట్టు పత్రికలు రాస్తుంటే, 2015లో ఒక ఇంటర్వ్యూలో నోరు విప్పింది. అంతకుముందు ఆల్బమ్‌లలో కూడా ఏళ్ళ తరబడి తను కూర్చి చేసిన పనిని చివర్లో వచ్చి చేరిన మగవాళ్ళ ఖాతాలో వేశారని చెప్పింది. (ఆర్కా తర్వాతి కాలంలో తను స్త్రీనని ప్రకటించుకుంది.) పాడే స్త్రీని నమ్మినంత తేలిగ్గా మీటలు తిప్పే స్త్రీని లోకం నమ్మదు. అమెరికాలో 2012 నుంచి 2020 దాకా జనాదరణ పొందిన పాటల మీద జరిగిన అధ్యయనంలో ప్రొడ్యూసర్లలో స్త్రీలు నూటికి ముగ్గురు కూడా లేరు. ఎలక్ట్రానిక్ సంగీతంలో పనిచేసే స్త్రీలు 1998లో మొదలుపెట్టిన ‘ఫిమేల్ ప్రెషర్’ బృందం పండుగల వేదికల మీద లెక్క తీస్తూ వచ్చింది. 2012లో పదోవంతుకి కూడా రాని స్త్రీల వాటా దశాబ్దం తిరిగేసరికి పాతికశాతం దాటింది. లెక్కపెట్టడం కూడా ఉద్యమమే అని ఆ బృందం చూపించింది.

ఇప్పుడు సొంతంగా పాట విడుదల చేసుకోవడం ఎవరికైనా సాధ్యమే. దాని మీద బతకడమే సాధ్యం కావడం లేదు. ఏడాదిలో కనీసం వెయ్యిసార్లు వినిపించని పాటకి రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకి రాదని స్పాటిఫై 2024 నుంచి నియమం పెట్టింది. మరోపక్క, నాలుగు మాటలు టైపు చేస్తే పాట తయారుచేసిచ్చే కృత్రిమ మేధ వచ్చింది. కంప్యూటర్ పుట్టించిన సంగీతానికి కర్త ఎవరు అన్న ప్రశ్నకి మన చట్టం 1994లోనే ఒక జవాబు రాసిపెట్టింది. ఆ రచన పుట్టడానికి కారణమైన వ్యక్తి అని. ఆ వ్యక్తి ఎవరన్నది కోర్టులు తేల్చుకోవాలి. నాకు మాత్రం ఆ వాక్యంలో మళ్ళీ ‘చేయించినవాడే’ కనిపిస్తున్నాడు. ఆ యంత్రాన్ని పోషించిన వేల గంటల సంగీతం చేసినవాళ్ళు ఎవరు? మళ్ళీ క్షేత్రమే.

ఏం చేయాలి? పాట మొదలుపెట్టకముందే ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసుకోవడం, చేసిన ప్రతివారి పేరూ చేసిన పనితో సహా వేయడం – ఇవి అసాధ్యాలేమీ కావు. క్యాసెట్ల కాలంలోనే ఎ.ఆర్. రెహమాన్ లోపలి కాగితం మీద వాద్యకారుల, ఇంజనీర్ల పేర్లు అచ్చువేయించేవాడు. దానివల్ల ఆయన పేరు చిన్నదేమీ కాలేదు. అయితే అది మళ్ళీ ఒక మంచి మనిషి అలవాటు. గ్రైనర్ మంచితనంలాగే, అది నియమంగా మారకపోతే ఆ మనిషితోనే ఆగిపోతుంది. ఆ పనికి చట్టంలో ఒక పేరు, ఆ పేరుకి వదులుకోవడానికి వీల్లేని వాటా అడగాల్సింది పాటల రంగంలోవాళ్ళు మాత్రమే కాదు.

ఎందుకంటే ఈ లెక్కల పుస్తకం సంగీతానికే పరిమితం కాదు. మన పుస్తకాల అట్టల మీద అనువాదకురాలి పేరు ఎంత సైజులో ఉంటోంది? మన పరిశోధనల్లో ఊరూరా తిరిగి మాటలు సేకరించిన అమ్మాయి పేరు కృతజ్ఞతల్లో ఉండాలా, రచయితల పక్కన ఉండాలా? మనం రాసుకునే గంటలని మనకి మిగిల్చే పనిమనిషి ఏ ఖాతాలో ఉంది? స్త్రీలు నడిపే చోట కూడా చేయించినవాళ్ళే కర్తలుగా మిగిలితే, ‘క్షేత్రం’ అన్న మాటని మనం విమర్శించి ఏం ప్రయోజనం? ఆ అమ్మాయి పేరు అక్షరం తప్పు లేకుండా పడే రోజు కావాలంటే, ముందు మన చేతుల్లో ఉన్న కాగితాల మీద ఆ పని మొదలుకావాలి.